సీలు పిల్లకి కప్పిన శాలువా

డండాక్ ఊరి నుంచి,
ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక

నా చెల్లెలు దీనమ్మకి,

ప్రభువు చల్లని రెక్కల కింద నువ్వూ, మరిదిగారూ, యోహానూ, కోడలూ, పిల్లలూ ఏ కొరతా లేకుండా ఉన్నారని నమ్మి, ఇక్కడ మేము కూడా అట్టాగే ఉన్నామని చెప్పడానికి నీ అక్క కరుణమ్మ ఎవరి చేతా రాయించకుండా తన చేత్తో రాసుకుంటున్న ఉత్తరం. నీకు నా దీవెనలు.

నీ మోకాలు ఎట్టా ఉంది? డాక్టరు ఇచ్చిన నూనె రాస్తున్నావా, లేకపోతే సీసాని కిటికీలో పెట్టి రోజూ దాని మొహం చూస్తున్నావా? మరిదిగారి దగ్గు తగ్గిందా? మీ వైపు తుఫాను అని అల్లుడు ఫోన్లో చూసి చెప్పాడు. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. గొడ్లచావిడి రేకుల మీద బరువులు పెట్టించారా? మన గేదె రాణి నీకు పాలు చేపుతోందా? చేపకపోతే దాన్ని కొట్టబోకు. నా నీలం గళ్ళ చీర పెట్టెలో అడుగున ఉంది, అది కట్టుకుని పో. గేదెకి నా వాసన తెలుసు. నువ్వు పాలు పితికేటప్పుడు పక్కింటి సుబ్బులు వచ్చి కబుర్లు చెప్పబోతే మొహమాటపడకుండా వెళ్ళగొట్టు. కొత్త మనిషి ఎదురుగా నిలబడితే దూడ ఎంత కుమ్మినా అది ఒక్క చుక్క వదలదు. నీకు తెలియక కాదు, అయినా చెప్తున్నా.

ఫోనుండగా ఉత్తరం ఏందని మరిదిగారు నవ్వుతారు. నీకు చెవులు వినపడవు, నేను అరిస్తే ఇక్కడ పసిది ఉలిక్కిపడి లేస్తుంది. పైగా నేను చెప్పబోయేది అరిచి చెప్పే సంగతి కాదు. మా అమ్మాయి సునీతతో పాటు ఆసుపత్రిలో పనిచేసే అమ్మాయి తమ్ముడి పెళ్ళికి గుంటూరు వస్తోంది, ఆ అమ్మాయి చేతికి ఇస్తున్నా. అయిదో తరగతి చదువు నాది. తప్పులుంటే సర్దుకుని చదువు.

ముందు ఒక మాట. భయపడబోకు. పాప బాగుంది. సునీత బాగుంది. అల్లుడు స్టీఫెను బాగున్నాడు. నేనూ బాగున్నా. మధ్యలో కొన్ని సంగతులు చదివి నువ్వు గుండె పట్టుకుంటావని ముందే రాస్తున్నా. అందరం బాగున్నాం.

ఈ పరాయిదేశపు ఊళ్ళో వాన కురవదే చెల్లే, గాలిలో నిలబడి ఉంటుంది. గొడుగు పెడితే గొడుగు వెనక్కి తిరుగుతుంది. సాయంత్రం టీ తాగేలోపే చీకటి. కిటికీలు మూసి ఇల్లంతా వేడిపెడతారు, నాకేమో ముక్కు ఎండిపోతుంది, తీస్తే పసిదానికి చలి. తియ్యాలా మూయాలా అని రోజంతా అదే ఆలోచన. మన ఊళ్ళో లాగా గుమ్మంలో కూర్చుంటే పలకరించే మనిషి లేడు. ఎదురింటి ముసలాయన మాత్రం కనపడితే చెయ్యెత్తి "గ్రాండ్" అంటాడు. వానొచ్చినా గ్రాండే, ఎండొచ్చినా గ్రాండే.

ఇప్పుడు అసలు సంగతి. సునీతది ఆపరేషన్ కాన్పని నీకు తెలుసు. నేను దిగిన నాటి నుంచి మనమ్మ మనకి చేసినట్టే చేశా. బాలింతకి పెట్టే కాయంపొడి, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం, రోజూ అదే. కూర లేదు, పప్పు లేదు, పెరుగు లేదు, పండు లేదు. మంచినీళ్ళు పొద్దున ఒక చిన్న గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు, అదీ వేడివి. బాలింత నీళ్ళు తాగితే పొట్ట జారుతుంది, బిడ్డకి జలుబు చేస్తుంది అని మనమ్మ చెప్పేది కదా. సునీత నర్సు అయివుండి కూడా నాకు ఎదురు చెప్పలేదు. పిల్ల నా మాట వింటోందని నేను మురిసిపోయా.

పాప పుట్టి మూడో వారంలో పడ్డాక ఇంటికొచ్చి చూసే నర్సమ్మ తక్కెడ తెచ్చి తూచింది. తూచి మళ్ళీ తూచింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ మొహాలు చదవడం వచ్చు. పుట్టినప్పుడు ఎంత బరువుందో అంతకి కూడా రాలేదంట పాప. గురువారం మళ్ళీ వస్తా, అప్పటికి ఎక్కకపోతే పెద్దాసుపత్రిలో చూపించాలి, డబ్బాపాలు మొదలుపెట్టాలి అని చెప్పి వెళ్ళింది. ఆమె అటు పోగానే సునీత పాపని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. "నా పాలు చాలట్లేదమ్మా" అని ఒకటే మాట.

దీనమ్మా, ఆ మాట ఇంతకు ముందు ఎవరి నోట విన్నామో నీకు గుర్తుందా? నా నోటనే. సునీత పుట్టినప్పుడు నాకు పాలు లేవు. నా పిల్ల గొంతు ఆరిపోయి, పిల్లి కూనలాగా మూలుగుతుంటే, ఇరవై రోజుల ముందు యోహానుని కన్న నువ్వు, అదే ఇంట్లో అదే మంచం మీద కూర్చుని, ఒక పక్క నీ కొడుకుని, ఒక పక్క నా కూతుర్ని పట్టుకున్నావు. నీ పాలతో బతికింది సునీత. ఇన్నేళ్ళూ నా ఒంట్లోనే ఏదో లోపం ఉందనుకున్నా. అది నా కూతురికీ వచ్చిందనుకున్నా. నువ్వేమో ఇక్కడ లేవు.

అప్పటినుంచి నేను పాపకి కాపలా పడ్డా. సునీత పాలిస్తుంటే పక్కనే మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. "నోట్లో పడిందా? మింగుతోందా? ఇటు తిప్పు, అటు తిప్పు, ముక్కు మూసుకుపోతోంది చూడు" అని. స్టీఫెను లోపలికి రాబోతే గుమ్మంలోంచే పంపేసేదాన్ని. ఇంకొకటి కూడా చేశా, అది ఉత్తరంలో కిందకి పోయాక చెప్తా.

ఆ ఆదివారం చర్చి అయ్యాక స్టీఫెను కారు సముద్రం వైపు తిప్పాడు. "అందరికీ కాస్త గాలి తగులుతుంది అత్తయ్యా" అన్నాడు. అరగంట ప్రయాణం. మన సముద్రం కాదే అది. సరుగుడు చెట్లు లేవు, వలలు లేవు, వేడి ఇసక లేదు. గుండ్రాళ్ళు, నల్ల బండలు, బూడిద నీళ్ళు. కారాపగానే పాప లేచింది. సునీత పాలివ్వబోతూ నా మొహం చూసి, "అమ్మా, నువ్వు కాసేపు అట్టా నడిచి రా" అంది. వానలో నన్ను బయటికి పొమ్మంటోంది ఏందా అని మనసు చివుక్కుమంది. దిగా. స్టీఫెను వెనకాలే వచ్చాడు, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ.

బండలు దాటి నేను ముందుకి పోయా. అక్కడ రాళ్ళ మధ్య తెల్లగా ఏదో మూట. దగ్గరికి పోతే మూట కళ్ళు తెరిచింది! సీలు పిల్ల. సీలంటే చేప కాదు, కుక్క కాదు. తల కుక్కలాగా, ఒళ్ళు చేపలాగా, ఒంటినిండా బొచ్చు. కళ్ళు మాత్రం మన పిల్లల కళ్ళే, నల్లగా నీళ్ళతో నిండిపోయి. బొడ్డు ఇంకా ఎర్రగానే ఉంది. ఒంటి తోలు వదులుగా వేలాడుతోంది, అక్క లంగా చెల్లెలికి తొడిగినట్టు. అది నోరు తెరిచి ఏడ్చింది. ఒట్టు దీనమ్మా, పసిబిడ్డ ఏడుపే. "మ్మా" అన్నట్టే వినపడింది.

చుట్టూ చూశా. తల్లి లేదు. మనిషి లేడు. దూరంగా నీళ్ళలో నల్లకుండ బోర్లించినట్టు ఏదో తేలుతోంది, వలకి కట్టిన బుడ్డి అనుకున్నా. నా మనసు ఆగలేదు. దీనికీ పాలు లేవు, దీన్ని తల్లి వదిలేసింది అనుకున్నా. మీద ఉన్న ఉన్ని శాలువా తీసి దాని మీద కప్పి, వాన పడకుండా పక్కనే నిలబడ్డా. అది నన్ను చూసి పళ్ళు బయటపెట్టి ఉఫ్ అంది. "అరవకే తల్లీ, నేనున్నాగా" అన్నా. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చేతులు కొయ్యబారినయ్.

అప్పుడు గట్టిగా కేకలేసుకుంటూ ఒకామె వచ్చింది. నా ఈడుదే. మోకాళ్ళ దాకా బూట్లు, పసుపుపచ్చ వానకోటు, తెల్లజుట్టు. పేరు నోరా. అక్కడ సీలుపిల్లల్ని మనుషులూ కుక్కలూ కెలక్కుండా ఊళ్ళోవాళ్ళు వంతులేసుకుని కాపలా కాస్తారంట, ఈమె వాళ్ళలో ఒకతె. ఎవరూ డబ్బులివ్వరు. స్టీఫెను పరిగెత్తుకొచ్చాడు. ఆమె గబగబా ఏదో చెప్పింది, నా చెయ్యి పట్టుకుంది, కర్రతో శాలువా కొస తగిలించి మెల్లిగా లాగేసింది, మా ఇద్దర్నీ వెనక్కి, ఇంకా వెనక్కి, అల్లంత దూరాన గోడ చాటుకి తీసుకుపోయింది.

"ఏమంటోంది నాయనా?" అన్నా.

స్టీఫెను నోరు తడుపుకున్నాడు. "తల్లి పోలేదంట అత్తయ్యా. ఆ నీళ్ళలో తల ఉందే, అదేనంట తల్లి. పిల్లకి పాలివ్వడానికి పైకి రావాలని అప్పటినుంచి చూస్తోందంట."

"మరి రాదేం?"

స్టీఫెను ఆమెని అడగలేదు. నా వంక చూడలేక సముద్రం వంక చూసి, "మధ్యలో మీరున్నారు కదా" అన్నాడు.

ఇంకా ఉంది. తల్లీ పిల్లా ఒకరినొకరు వాసనతో గుర్తుపట్టుకుంటారంట. నా శాలువా నిండా ఏముంటుంది? వెల్లుల్లి, కాయం, పాప ఒంటికి రాసే నూనె. రాణి సంగతి నీకు రాశానే, కొత్త మనిషిని చూస్తే చేపదని. ముప్ఫై ఏళ్ళు గేదెల్ని పితికిన దాన్ని, సుబ్బుల్ని వందసార్లు చావిట్లోంచి తరిమిన దాన్ని, నాకా ఆ బుద్ధి లేకపోయింది! ఈ తల్లి ఇప్పుడు పిల్లని తోసేస్తే పాపం నాది. గోడ చాటున మోకరించి ప్రార్థన చేశా. ఆ నోరా నా భుజం మీద చెయ్యేసి, "వస్తుందిలే లవ్, చూద్దాం" అన్నట్టు ఏదో అంది. లవ్ అని నిజంగానే అంది! అల్లుడి ముందు సిగ్గేసింది. ఇక్కడ అందర్నీ అట్టాగే పిలుస్తారంట.

చాలాసేపటికి ఆ తల కదిలింది. ఒడ్డుకొచ్చి ఆగింది. వెనక్కి పోయింది. నేను కళ్ళు మూసుకున్నా. మళ్ళీ తెరిచేసరికి నీళ్ళలోంచి బయటికి పాకుతోంది. ఎంత పెద్దదే! మన పడక మంచమంత. కాళ్ళు లేవు, పొట్ట మీద పాకుతూ, ఆ గుండ్రాళ్ళ మీద ఒక్కో జానా జరుగుతూ, ఆయాసపడుతూ వచ్చింది. పిల్ల దగ్గరికి వచ్చి మూతి మూతి ఆనించి వాసన చూసింది. తల వెనక్కి తీసింది. మళ్ళీ చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత, దీనమ్మా, పక్కకి ఒరిగి పడుకుంది. చేతిలాంటి రెక్కతో పిల్లని మెల్లిగా గీరింది, "రా, తాగు" అన్నట్టు. పిల్ల తల్లి పొట్ట పొడవునా మూతితో కుమ్ముకుంటూ వెతికింది, అచ్చం మన రాణి దూడ కుమ్మినట్టే. దొరికింది. తాగింది.

నేను ఏడిస్తే నోరా కూడా ముక్కు చీదుకుంది. ఇద్దరం ముసలాళ్ళం, ఒకరి మాట ఒకరికి రాదు, గోడ చాటున నిలబడి ఏడ్చాం.

ఆ సీలు పాలు నీళ్ళలాంటి పాలు కావంట. వెన్నపూసంత చిక్కనంట, సగానికి సగం కొవ్వేనంట. మూడు వారాలే ఇస్తుందంట. ఆ మూడు వారాల్లో పిల్ల మూడింతలవుతుందంట. తల్లి ఆ రోజులన్నీ నోట్లో చేపముక్క పెట్టదంట. ఆ మాట వినగానే నేను ఊరుకుంటానా? "చూశావా నాయనా, పథ్యం! సీలుకి కూడా పథ్యమే! ఆమెకి చెప్పు, మా దగ్గరా బాలింత ఏమీ తినదని" అన్నా. స్టీఫెను చెప్పాడు. నోరా నవ్వలేదు. నా కళ్ళలోకి చూసి ఒక మాట చెప్పింది. స్టీఫెను మొదట నాకు చెప్పనన్నాడు. గద్దిస్తే చెప్పాడు.

"ఆ సీలు కనకముందు నెలల తరబడి సముద్రంలో కడుపునిండా తిని, ఒళ్ళంతా కొవ్వు పట్టించుకుని వచ్చిందంట. అదే ఇప్పుడు పాలుగా పోస్తోందంట. మీ అమ్మాయి దగ్గర అంత నిల్వ ఉందా అని అడుగుతోంది."

సునీత చెంపలు నా కళ్ళ ముందుకొచ్చినయ్. లోపలికి పోయిన చెంపలు.

కారు దగ్గరికి వచ్చాం. అద్దాల మీద ఆవిరి. లోపల సునీత వెనక సీట్లో తల వాల్చి కళ్ళు మూసుకుని ఉంది. పాప తాగుతోంది. దవడ ఆడుతోంది, ఆగుతోంది, మళ్ళీ ఆడుతోంది. నేను పక్కన లేకుండా, తిప్పు మళ్ళించు అనే గొంతు లేకుండా, తల్లీ పిల్లా ఇద్దరే ఉన్నారు. స్టీఫెను తలుపు మీద చెయ్యేశాడు. నేను పట్టుకుని ఆపా.

"తడిసిపోతున్నారు అత్తయ్యా."

"తడవనీ. తాగనీ."

పది అడుగుల అవతల వానలో నిలబడ్డాం. అల్లుడు పాపం తన కోటు నా మీద కప్పాడు.

ఇంటికి పోయాక, కిందకి పోయాక చెప్తానన్నానే, అది సునీతకి చెప్పేశా. తను నిద్రపోయేటప్పుడు పాప ఏడుపందుకుంటే, పంచదార నీళ్ళు కాచి, దూదితో పిండి నోట్లో పోసేదాన్ని. పాలు చాలట్లేదు కదా, కడుపుకి ఏదో ఒకటి అందాలని. పంచదార డబ్బా వంటింట్లో ప్రెస్సులో, ఇక్కడివాళ్ళు అలమారని ప్రెస్సంటారు, అందులో వెనకాల దాచి ఉంచా.

సునీత మొహం ఎర్రబడింది. "రోజుకి ఎన్నిసార్లు?"

"మూడో నాలుగో."

"అమ్మా! ఆ నీళ్ళతో కడుపు నిండినట్టుంటే అది నన్నెందుకు లాగుతుంది? అది లాగకపోతే నాకు పాలెట్టా ఊరతాయి? నేను నర్సునమ్మా. నాకు తెలియకుండా నా బిడ్డకి..." అని మాట మింగేసింది. తర్వాత మెల్లిగా, అది అరిచినదానికన్నా ఎక్కువ తగిలింది నాకు, "నాకు ఆకలేసిందమ్మా. దాహం వేసింది. నువ్వు ఇంత దూరం వచ్చావు, బాధపడతావని ఏమీ అనలేదు. స్నానాల గదిలోకి పోయి పంపు తిప్పుకుని దోసిళ్ళతో తాగేదాన్ని" అంది.

దీనమ్మా, ఆ మాట విన్నప్పటి నుంచీ నీ గురించి ఒక సంగతి గుర్తొస్తోంది. చివర్లో అడుగుతా.

నేను లేచి పెద్ద చెంబు నిండా మంచినీళ్ళు తెచ్చి సునీత ముందు పెట్టా. ఎత్తిన చెంబు దించకుండా తాగింది. ఆ సాయంత్రం పప్పు వండా, నెయ్యేశా, పాలకూర వేశా, కోడిగుడ్లు ఉడకబెట్టా, పెరుగు పెట్టా. మనమ్మ పైనుంచి చూస్తుందేమో అని ఒకసారి కప్పు వంక చూశా కూడా. పంచదార డబ్బా తీసి సునీత చేతికిచ్చా. పాలిచ్చే వేళకి గది తలుపు నేనే చేరవేసి వంటింట్లో కూర్చున్నా. ఏమీ చెయ్యకుండా కూర్చోడమంత కష్టమైన పని నేను పుట్టి ఎరగను. ఒక బస్తెడు చిక్కుడుకాయలు ఈనెలు తీసి ఉంటా, అవసరం లేకపోయినా.

గురువారం నర్సమ్మ వచ్చింది. నేను గదిలోకి పోలేదు. వంటింట్లో నిలబడి తొంభై ఒకటో కీర్తన మూడుసార్లు చదివా. లోపల తక్కెడ చప్పుడు. నర్సమ్మ ఏదో అంది. అంతలో "గ్రాండ్!" అని వినపడింది. ఆ మాట విని విని విసుగెత్తిపోయి ఉన్నానా, ఆ రోజు మాత్రం పాటలాగా ఉంది. బరువు రాసే పుస్తకంలో పాప గీత పైకి ఎక్కిందంట. డబ్బాపాలు అక్కర్లేదంట. నర్సమ్మ పోయేటప్పుడు నాకేదో చెప్పి నా చెంప నిమిరింది. సునీతని అడిగితే, "పిల్లని కాదు, తల్లిని మేపండి అంది" అని నవ్వింది. ఆదివారం తర్వాత సునీత నవ్వడం అదే మొదలు.

తర్వాత ప్రతి ఆదివారం సముద్రానికి పోయాం, గోడ చాటునుంచే చూశాం. నోరా నాకు దూరం చూసే అద్దాలు ఇచ్చేది, నేను ఆమెకి సున్నుండలు పట్టుకుపోయేదాన్ని. ఆ సీలు తల్లిని చూస్తుంటే నాకు రెండు కళ్ళూ చాలలేదు. వారం తిరిగేసరికి పిల్ల తోలు బిగిసింది. రెండో వారానికి మెడ కనపడలా. మూడో వారానికి బూడిదగుమ్మడికాయ. తల్లేమో వారం వారం కరిగిపోయింది. నడుం ఎముకలు తేలినయ్. ఒంట్లోది తీసి పిల్ల ఒంట్లో పోసింది, అంతే. సముద్రపు కాకి పిల్ల దగ్గర వాలబోతే మంచమంత మనిషి ఎట్టా లేచిందో! ఒడ్డుకి ఆ చివర ఒక బక్క సీలుపిల్లని కూడా చూశాం, ఎముకలమీద తోలు. ఎవరో కుక్కలతో మాటిమాటికీ దగ్గరికి పోతే తల్లి భయపడి రావడం మానేసిందంట. నోరా వాళ్ళు దాన్ని సంరక్షణ చోటికి తీసుకుపోయారు. గొట్టంతో చేపగంజి పోస్తున్నారంట. బతికే ఉంది, నేను ప్రతి ఆదివారం అడుగుతా. కానీ పాపం తల్లిపాలు తాగిన పిల్లలో సగం బరువుకి కూడా రాలేదంట. రెండు పిల్లలూ ఒకే ఒడ్డున, ఒకే నెలలో పుట్టినయ్. తేడా అంతా ఆ మూడు వారాల్లోనే ఉంది.

ఇవాళ పోతే తల్లి లేదు. నీళ్ళలో తల కూడా లేదు. పిల్ల ఒక్కటే పడుకుని ఉంది, తెల్లబొచ్చు కుచ్చులు కుచ్చులుగా రాలిపోయి లోపల బూడిదరంగు మెరుస్తోంది. నేను శాలువా కొస పట్టుకున్నా. కప్పలేదులే, పట్టుకున్నా అంతే. "ఎక్కడికి పోయింది?" అని అడిగా.

"పని అయిపోయింది కదా, వెళ్ళిపోయింది. ఇక రాదు" అని నోరా చెప్పిందని స్టీఫెను చెప్పాడు.

"మరి దీనికి చేపలు పట్టడం ఎవరు నేర్పుతారు? దారి ఎవరు చూపిస్తారు? ఈ చలిలో?"

"ఎవరూ నేర్పరంట. తల్లి పట్టించిన కొవ్వు మీద కొన్నాళ్ళు బతుకుతుందంట. ఆకలేసిన రోజు తనే నీళ్ళలో దిగుతుందంట."

తల్లి కట్టిచ్చిన దారిబత్తెం అన్నమాట. ఆ పిల్ల మాత్రం ఏ దిగులూ లేకుండా ఆవలించి అటు తిరిగి పడుకుంది.

నాకూ జనవరిలో తిరుగు టికెట్టు. మొన్నటిదాకా ఆ తేదీ గుర్తొస్తుందని క్యాలెండరు వంక చూసేదాన్ని కాదు. ఇప్పుడూ దిగులుంటుంది, లేదని అబద్ధం చెప్పను. కానీ ఈ నాలుగు వారాలు సునీతకి బాగా పెట్టా, ఇంకా పెడతా. తర్వాత దాని నీళ్ళు అది ఈదుకుంటుంది.

నువ్వు నాకు పంపాల్సినవి రెండు. ఆ పెళ్ళి అమ్మాయి తిరిగి వచ్చేటప్పుడు పాత నూలు చీరలు రెండు ఉతికి పంపు, మెత్తవి, పాప కింద పరవడానికి. ఇక్కడి గుడ్డలు ఎంత ఉతికినా గరుకే. వాము కూడా ఒక పొట్లం. ఎక్కువ బరువు పెట్టబోకు, ఆ పిల్ల మొహమాటపడుతుంది. చర్చిలో అయ్యగారికీ అమ్మగారికీ నా వందనాలు చెప్పు, పాప పేరు చెప్పి ప్రార్థన చేయించు. పేరు రాయలేదు కదూ! కృప అని పెట్టారు. మేనత్తకి నా దణ్ణాలు, ఆవిడ దీవెన మా మీద ఉండాలని అడిగానని చెప్పు. మరిదిగారికి నమస్కారాలు. యోహానుకి, తన పాలచెల్లెలి కూతురు బాగుందని చెప్పు.

ఇక అడుగుతానన్న సంగతి. మన కాన్పుల నాడు మనమ్మ ఇద్దరికీ నీళ్ళు కొలిచి పోసేది. ఒక మధ్యాహ్నం నువ్వు గొడ్లచావిట్లోంచి మూతి తుడుచుకుంటూ వచ్చావు. రవిక ముందంతా తడిసి ఉంది. ఎక్కడికి పోయావే అంటే దూడని కట్టేసి వస్తున్నా అన్నావు. అక్కడ మూల మంచినీళ్ళ కుండ ఉండేది. నేను అమ్మ మాట జవదాటకుండా నోరెండి పడుకుని ఉన్నా. నాకు పాలు లేవు, నీకు ఇద్దరికి సరిపడా ఉన్నయ్. దొంగతనంగా తాగేదానివి కదూ దీనమ్మా? సిగ్గుపడకుండా నిజం రాయి. అమ్మ లేదు, తిట్టేవాళ్ళు లేరు. తాగాననే రాయి. నువ్వు ఆ కుండ ఎత్తబట్టే నా సునీత బతికింది, సునీత బతకబట్టే ఇవాళ గది తలుపు అవతల కృప గుటకలు వేస్తోంది. నాకు ఇక్కడికి వినపడుతోంది.

మీ అందరి మేలు కోరుతూ,
నీ అక్క
కరుణమ్మ